మంచి బడికి రెండో వాయిదా ఎప్పుడు ఇవ్వాలి?

బడుల ర్యాంకులు విడుదలైన ప్రతిసారీ అదే తంతు. పైనున్న బడులకు సన్మానాలు, కిందనున్న వాటికి సంజాయిషీ నోటీసులు. మరుసటి ఏడాదీ అట్టడుగున ఆ పేర్లే కనిపిస్తాయి. పై బడికి తెలిసిన పని కింది బడికి చేరే దారి ఎవరూ వేయకపోవడమే అసలు లోపం.

బ్రెజిల్‌లోని సియరా రాష్ట్రం ఆ దారి వేసింది. మంచి ఫలితాలు సాధించిన బడులకు అక్కడ 2009 నుంచి నగదు బహుమతి ఇస్తున్నారు. అయితే సొమ్మంతా ఒకేసారి చేతికి రాదు. గెలిచిన ప్రతి బడికీ వెనుకబడిన బడి ఒకటి జతపడుతుంది. తన స్థాయి నిలబెట్టుకుని, ఆ జత బడినీ మెరుగుపరిస్తేనే రెండో వాయిదా. ఎంత గొప్ప షరతు! పక్క బడి పిల్లవాడికి చదవడం రాకపోతే, ఆ బాధ ఇప్పుడు ఈ హెడ్మాస్టరుది కూడా.

అదే రాష్ట్రంలోని సొబ్రాల్‌లో ఒకప్పుడు ప్రిన్సిపాల్ పదవులు రాజకీయ సిఫారసులతో దక్కేవి. ఈ శతాబ్దం మొదట్లో వాటిని ప్రతిభ ఆధారంగా భర్తీ చేయడం మొదలుపెట్టారు. 2017 నాటికి ప్రాథమిక విద్యలో ఆ ఊరు దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. లండన్‌లో 2003 నుంచి 2011 వరకు సాగిన బడుల మెరుగుదల కార్యక్రమం ‘లండన్ ఛాలెంజ్’ కూడా అనుభవజ్ఞులైన హెడ్మాస్టర్లను బలహీనమైన బడులకు తోడుగా పంపింది. షాంఘైలో మంచి బడుల బృందాలు వెనుకబడిన బడుల నిర్వహణను ఒప్పందం మీద చేపట్టాయి.

అలా వచ్చిన హెడ్మాస్టరు చేసేదేమిటి? వెనక బెంచీలో కూర్చుంటారు. పక్కనున్న పిల్లవాడి నోటుబుక్కులో లెక్కలన్నీ ఒప్పే, కానీ అన్నీ బోర్డు మీద చూసి దింపుకున్నవి. అదే లెక్కను అంకెలు మార్చి ఇస్తే పెన్సిలు ఆగిపోతుంది. ఈ సంగతి ర్యాంకుల పట్టికలో ఉండదు, బోర్డు దగ్గర నిలబడ్డ టీచరుకూ కనపడదు. తన బడిలో ఇదే చిక్కును విప్పుకున్న మనిషి మాత్రం ఇట్టే పట్టేస్తారు. సాయంత్రం టీచరుతో కూర్చుని రేపటి పాఠాన్ని మార్చి చూపిస్తారు. తనిఖీ అధికారి రాసే నివేదిక ఈ పని చేయలేదు.

ఆ ఏళ్లలో లండన్ బడుల ఫలితాలు మెరుగుపడ్డాయి; దానికి ఈ కార్యక్రమం కాదు, అక్కడి విద్యార్థుల్లోని వివిధ జాతుల కూర్పే కారణమనే పరిశోధకులున్నారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. మంచి హెడ్మాస్టరును బయటకు పంపితే సొంత బడి దెబ్బతింటుందన్న భయమూ ఉంది. ఒక్కరు రెండు రోజులు లేకపోతే కూలిపోయే బడిని మంచి బడి అనలేం. ఆ రెండు రోజులే డిప్యూటీకి నాయకత్వం నేర్పుతాయి.

నన్ను మరింత కలవరపెట్టేది బడులను దాటిన విషయం. ఒక ఆసుపత్రి ప్రాణాలు నిలిపే పద్ధతి కనిపెట్టి దాచుకుంటే ఛీ అంటాం. బడి అదే పని చేస్తే పోటీతత్వమని మెచ్చుకుంటున్నాం. ప్రజల సొమ్ముతో, ప్రజల పిల్లల మీద సంపాదించిన అనుభవం ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. ప్రజాసేవల్లోకి పోటీని దించినచోటల్లా ఈ సంగతే ముందుగా మరుగున పడుతోంది.

ర్యాంకుల జాబితాలు ఆపమని నేను అడగడం లేదు. ప్రతి బడి పేరు పక్కన మరో గడి చేర్చండి: ఈ ఏడాది ఏ బడికి తోడు నిలిచింది, అక్కడ ఎంతమంది పిల్లలు కొత్తగా చదవగలుగుతున్నారు. అది ఖాళీగా ఉన్నంతకాలం మొదటి ర్యాంకు ఎవరికీ ఇవ్వకండి.