లాక్స్‌టన్: గట్లు లేని పొలాలు, గట్టి కట్టుబాట్లు

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హమ్‌షైర్‌లో లాక్స్‌టన్ అనే చిన్న పల్లె ఉంది. దాని చుట్టూ మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్ అని మూడు విశాలమైన పొలాలు. లోపల కంచెల్లేవు, గట్లు లేవు. ఒక్కో రైతు కమతం పొడవాటి పట్టీలుగా విడిపోయి ఉంటుంది. మంచి నేలా చవుడూ ఒక్కరి పాలే పడకూడదన్నది పాతకాలపు లెక్క. ఒక పొలంలో చలికాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతంలో విత్తే పంట, మూడోదానికి విశ్రాంతి. ఏటేటా వరస మారుతుంది. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటంలో ఉన్న ఆ మూడు పొలాలే ఇప్పటికీ సాగులో ఉన్నాయి, విస్తీర్ణం తగ్గినా.

మిగతా ఇంగ్లండ్‌లో ఈ పద్ధతి చెరిగిపోయింది. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి దాదాపు 68 లక్షల ఎకరాలను కంచెల్లోకి, అంటే విడివిడి యజమానుల చేతుల్లోకి, తెచ్చింది. దిగుబడి పెరిగిన మాట నిజం. కానీ ఉమ్మడి బీట్లో ఒక ఆవును మేపుకుని బతికిన కూలికి ఆ ఆవూ దక్కలేదు. ఆ నష్టాన్ని లాభాల పద్దులో కలిపేయడం అన్యాయమని నా అభిప్రాయం.

ఉమ్మడి వ్యవస్థ అంటే అడిగేవాడు లేని వ్యవస్థ అనుకుంటారు చాలామంది. లాక్స్‌టన్ అలా లేదు. చలికాలం మొదట్లో రైతుల జ్యూరీ గోధుమ విత్తిన పొలమంతా తిరుగుతుంది, హద్దు కొయ్యలు సరిచూస్తుంది. ఉమ్మడి గడ్డి భూమిలోకి గాని దారిలోకి గాని నాగలి జరిపినవాడికి జరిమానా పడుతుంది. వారం తర్వాత కోర్ట్ లీట్ అనే ఊరి పాత కోర్టు కూర్చుని దాన్ని ఖరారు చేస్తుంది. తప్పు పట్టేదీ పక్క పట్టీ రైతే కాబట్టి తీర్పుకు విలువ ఉంది. 1977లో ఇలాంటి పాత కోర్టుల అధికారాలు రద్దయినా లాక్స్‌టన్‌కు మినహాయింపు దక్కింది.

అయితే ఈ రైతులు చాలావరకు కౌలుదారులు. అసలు బలహీనత అక్కడే ఉంది. 1952లో ఈ భూముల యజమాని ఎర్ల్ మాన్వర్స్ ఎస్టేట్‌ను ప్రభుత్వ వ్యవసాయ శాఖకు అమ్మారు. 1981లో అది రాచరికం పేరిట ఉన్న ఆస్తులను చూసే క్రౌన్ ఎస్టేట్‌కు, 2020లో తిరిగి మాన్వర్స్ వంశీకుల థోర్స్‌బీ ఎస్టేట్‌కు వెళ్లింది. పెద్ద ట్రాక్టర్ల కాలంలో ఇరుకు పట్టీల సాగు ఖర్చుతో కూడిన పని. వారసత్వం పేరుతో ఆ బరువును కౌలు రైతు ఒక్కడి మీదే వేయకూడదు. కౌలు రేటు కట్టేటప్పుడే యజమాని దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.