సవరణ: ఆ మాటకు అక్కడ అర్థం వేరు

ఇంగ్లండ్‌లో లెర్నింగ్ డిసెబిలిటీ ఉన్నవాళ్ల ఆరోగ్యం గురించి, వాళ్ల ఆయుష్షు తక్కువగా ఉండటం గురించి పోయిన వారం రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది పూర్తిగా నాదే. 'డిస్లెక్సియా లాంటి ఇబ్బందులు ఉన్నవాళ్లు' అని రాసేశాను. మన దగ్గర 'లెర్నింగ్ డిసెబిలిటీ' అనే మాటకు వాడుక అదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో కూడా అదీ, మేధో వైకల్యమూ వేరువేరు పేర్లతో ఉన్నాయి. బ్రిటన్‌లో మాత్రం మేధో వైకల్యాన్నే అలా పిలుస్తారు. 'చదవడంలో తడబడితే ఆయుష్షు ఎందుకు తగ్గుతుందండీ?' అని ఒకరు అడిగేదాకా నాకు తట్టనేలేదు.

రెండోది: అక్కడ ఇలాంటివాళ్ల మరణాలను సమీక్షించే 'లెడర్' కార్యక్రమం 2021 నివేదికను చూపించి, వాళ్ల మరణాల్లో 49 శాతానికి ఆసుపత్రుల నిర్లక్ష్యమే కారణం అన్నాను. నివేదిక అన్నది 'నివారించదగినవి' అని. సకాలంలో వైద్యం చేసో, అసలు జబ్బే రాకుండా చూసుకునో ఆపగలిగినవన్నమాట. మొత్తం జనాభా మరణాల్లో అలాంటివి 22 శాతం.

నింద ఆసుపత్రి మీదికి నెట్టేస్తే సామాజిక సంరక్షణ, అంటే సహాయకులు రోజువారీ పనుల్లో చేసే సాయం, దాని సంగతి మరుగున పడుతుంది. నొప్పిని నోటితో చెప్పలేని మనిషికి నాలుగు రోజులుగా విరేచనం కాలేదని గమనించాల్సింది రోజూ పక్కనుండే సహాయకులే. మలబద్ధకం ప్రాణం తీస్తుందా అనుకుంటాం. అక్కడ తీసింది. 14 ఏళ్లు నిండి, జీపీ (అక్కడి స్థానిక కుటుంబ వైద్యుడు) దగ్గరి లెర్నింగ్ డిసెబిలిటీ జాబితాలో పేరున్నవాళ్లకు ఏటా ఆరోగ్య పరీక్ష ఉంది సరే, గుర్తుపెట్టుకుని తీసుకెళ్లే తోడు ఉండాలిగా! సహాయకులు తరచూ మారిపోతుంటే ఆ మనిషికి ఏది మామూలో, ఏది కాదో ఎవరికి తెలుస్తుంది?

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చాను.