వేప మొదట్లో సిమెంటు

విశాఖ నగరంలోని ఒక పార్కుకు మళ్ళీ సుందరీకరణ పనులు జరుగుతున్నాయి. వేపచెట్టు మానును ఆనుకుని సిమెంటు పోసి, పైన టైల్స్ పరిచారు. మధ్యలో వేలు దూరే సందు కూడా లేదు. మేస్త్రీని అడిగితే ప్లానులో అలాగే ఉందన్నాడు. ఆ ప్లాను, నేలనూ నీటినీ చెట్లనూ చూసుకుని ఆరుబయలు స్థలాలకు రూపమిచ్చే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ చూసిందయితే కాదు. మన దగ్గర ఆ మనిషిని పిలిచేది పనంతా అయ్యాక, కుండీలు ఎక్కడ పెట్టాలో చెప్పమని.

చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఢిల్లీ అధికారులను ఆదేశించింది. విశాఖ వేపకు వేరే న్యాయమా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి చెట్లను ఎలా పడగొట్టిందో కళ్ళారా చూశాం. వేళ్ళకు చోటు లేని చెట్టు మరో తుపానుకు నిలవదు.

నడకదారి చదునుగా ఉండాలి, పర్యాటకులు వస్తారు, పని త్వరగా తేలాలి అంటున్నారు. సరే. అందుకు నేలంతా మూసెయ్యాలా? ‘ఈసారికి కానిద్దాం’ అనే మాటంటేనే మాకు భయం. ఈ పార్కు ఎస్టిమేటే పేరు మార్చుకుని రేపు ఇంకో పార్కుకు వెళ్తుంది. ఎల్లుండి ఆరుబయలు రంగస్థలానికి వెళ్తుంది. సాయంత్రం సముద్రపు గాలి వీచే ఊళ్లో వేదిక ఎటు తిరగాలి, మెట్లు ఏ వాలులో రావాలి, వాననీరు ఎటు పోవాలి అన్నవి మొదటి రోజే తేల్చాల్సిన సంగతులు. కాంక్రీటు గట్టిపడ్డాక ఎవరొచ్చి ఏం చేస్తారు?

ఆ తర్వాతి వంతు వారసత్వ స్థలాలది. విశాఖ దగ్గరి తొట్లకొండ మీద ఒకప్పుడు బౌద్ధులు రాతిని తొలిచి నీటి తొట్లు చేసుకున్నారు. కొండకు ఆ పేరు వాటివల్లే వచ్చింది. అక్కడ స్తూపమూ, తొట్లూ, కొండవాలూ కలిస్తేనే వారసత్వం. ‘ఈసారికి కానిద్దాం’ అక్కడికీ ఎక్కితే దించడం ఎవరి తరమూ కాదు. ఢిల్లీలో 90 ఎకరాల సుందర్ నర్సరీ పార్కును ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ మహమ్మద్ షహీర్ రూపకల్పనలో, మొఘలుల నాటి కట్టడాలను కాపాడుతూ తీర్చిదిద్ది 2018లో తెరిచారు. మనకెందుకు చేతకాదు?

ఆ వేప చుట్టూ పోసిన సిమెంటును ఈ వారమే పగలగొట్టండి. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ సంతకం లేని ప్లానుతో ఇంకో పార్కులో గునపం దించకండి. కాదు, ఇలాగే చేస్తామంటే, రేపు గాలివానకు చెట్టు పడినప్పుడు ఫైలులో ‘ప్రకృతి వైపరీత్యం’ అని మాత్రం రాయకండి.