గంతలు కడితే జాలే మిగులుతుంది

డిసెంబరు 3, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం వస్తే కాలేజీల్లో ఓ తంతు నడుస్తుంది. అంధుల కష్టం తెలియాలంటూ విద్యార్థుల కళ్లకు గంతలు కట్టి, చేతికి కర్ర ఇచ్చి వరండాలో నడిపిస్తారు. గోడలు తగులుతాయి, మెట్ల దగ్గర కాళ్లు వణుకుతాయి. గంతలు విప్పగానే అందరి నోటా ఒకటే మాట: ‘పాపం, ఎలా బతుకుతున్నారో!’ పాఠం అక్కడే దారి తప్పుతోంది.

అమెరికాలో ఏరియల్ సిల్వర్‌మాన్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో ఇది బయటపడింది. గంతలతో తిరిగాక, అంధులు ఉద్యోగం చేయగలరన్న నమ్మకం, సొంతంగా బతకగలరన్న నమ్మకం విద్యార్థుల్లో తక్కువగా కనిపించాయి. వాళ్లు రుచి చూసింది చూపు పోయిన తొలి నిమిషాల తడబాటే. కర్రతో, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఏళ్ల తరబడి అలవడే నేర్పు పది నిమిషాల్లో ఎలా తెలుస్తుంది?

కాలేజీలో వైకల్యం గురించి నేర్పే వైకల్య అధ్యయన కోర్సు గంతల బదులు కొలిచే టేపు ఇవ్వాలి. రెండడుగుల అరుగు ఎక్కాలంటే 1:12 వాలుతో, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున, 24 అడుగుల ర్యాంపు కావాలి. స్థలం లేదని ఎనిమిది అడుగుల్లో ముగిస్తే వాలు 1:4 అవుతుంది, చక్రాల కుర్చీ వెనక్కి పడిపోయే ప్రమాదం ఉంటుంది. పైన తలుపు ముందు చదునైన చోటు లేకపోతే కుర్చీ జారకుండా చూసుకోవాలా, తలుపు లాగాలా? ఈ కొలతలు తీసిన విద్యార్థి లోపాన్ని మనిషిలో వెతకడు, మేస్త్రీని, ప్లాను గీసినవాళ్లను అడుగుతాడు. వికలాంగుల సదుపాయాలకు కనీస ప్రమాణాలను తప్పనిసరి చేయాలన్న సుప్రీంకోర్టు 2024 నవంబరు తీర్పు కూడా హైదరాబాద్‌లోని నల్సార్ వర్సిటీ వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను ఆధారం చేసుకుంది.

పరీక్షలో వికలాంగ విద్యార్థి చెబుతుంటే జవాబు రాసిపెట్టే స్క్రైబ్ విషయమూ అంతే. ఆ విద్యార్థికి ఇచ్చే, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్ని తోటివాళ్లు రాయితీ అనుకుంటారు. ఒక గ్రాఫు ప్రశ్నను చదివించుకుని, జవాబు గీతగీతగా చెప్పి గీయించి, తిరిగి సరిచూసుకోవడానికి ఎంతసేపు పడుతుందో క్లాసులో గడియారం పెట్టి చూపిస్తే ఆ మాట మళ్లీ రాదు.

పాఠం ఎవరు చెబుతున్నారన్నది ఇంకా ముఖ్యం. వికలాంగుడిని అతిథిగా పిలిచి, కష్టాలు చెప్పించుకుని, శాలువా కప్పి పంపితే మిగిలేది జాలే. జీతం తీసుకుంటూ సెమిస్టరంతా బోధించి, మార్కులు వేసే అధ్యాపకుడి మీద జాలి పుట్టదు. సమాన హోదాలో కలిసి పనిచేసినప్పుడే దురభిప్రాయాలు తగ్గుతాయని అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే రాశారు.

కాలేజీల్లో, వర్సిటీల్లో ఈ అవగాహన కల్పించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. బీఈడీలో, వికలాంగ పిల్లలకు మిగతావాళ్లతో కలిపి చదువు చెప్పే సమ్మిళిత విద్య పేపరు ఉంది. టీచర్లయ్యేవాళ్లకు మాత్రమే చెబితే చాలదు. ర్యాంపు గీసేది సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి, యాప్ రాసేది కంప్యూటర్ సైన్స్ విద్యార్థి.

కోర్సు చివరి రోజు ఫారం పంచితే అందరూ ‘గౌరవిస్తాం’ అనే టిక్ పెడతారు. ఫలితం తెలియాలంటే తర్వాతి సెమిస్టర్‌లో ప్రాజెక్టు బృందాలు కట్టేటప్పుడు చూడాలి. వినపడని సహాధ్యాయికి కోడింగ్‌లో వాటా ఇస్తున్నారా, ‘నువ్వు కూర్చో, మేం చేసేస్తాం’ అంటున్నారా?