మహాలక్ష్మీ సమానురాలైన, చిక్కుడు కుటుంబపు పూలమొక్క లాథిరస్ వెర్నస్ గారికి

ఇంగ్లండులో, లీడ్స్‌లోని మా వెనక దొడ్డి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. తలచడం తప్ప చేసేదేముంది, మట్టి పైకి మీరొస్తే కదా తెలిసేది!

మా దొడ్డి ఉత్తరం వైపు. ఎండ చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. యూరప్ నుంచి సైబీరియా దాకా అడవుల్లో, చెట్లు పూర్తిగా చిగురించి నీడ కమ్మేలోపే మీరు పూసేసి పని ముగించుకుంటారనీ, అందుకే నీడ మీకో లెక్క కాదనీ విని మురిసిపోయాను.

నేను చిక్కుడు పాదులున్న ఇంట్లో పెరిగినవాణ్ణి. మా అమ్మ గింజ గుచ్చి నాలుగు చెంబుల నీళ్లు పోస్తే, వారం తిరక్కుండా మొలక మెడ వంచుకుని బయటికొచ్చేది. మీ దగ్గర ఆ పప్పులేవీ ఉడకలేదు. గింజ కాదది, గులకరాయి. ఉప్పు కాగితం మీద రుద్ది రాత్రంతా నానబెట్టాను. పొద్దున చూస్తే పదిహేనింటిలో ఆరు ఉబ్బాయి, తొమ్మిది ఎలా వేసినవి అలాగే ఉన్నాయి. వాటికి బ్లేడుతో గాటు పెట్టబోతే గింజ జారి గాటు నా బొటనవేలికి పడింది. ఆ తర్వాత అక్టోబరులో కుండీలో వేసి చలికాలమంతా బయటే వదిలేయాలట. పురిటి బిడ్డను మంచులో పడుకోబెట్టమన్నట్టుంది!

ఏప్రిల్‌లో దారప్పోగులాంటి కాడలు వచ్చాయి, ఒక్కోదానికి నాలుగు ఆకులు. ఆ రాత్రే స్లగ్‌లు, అంటే గుల్లలేని నత్తలు, బంతిభోజనానికి దిగాయి. రెండు మిగిలాయి.

పువ్వు చూసింది మూడో ఏట. మా వీసా కాగితాలు కూడా మీకన్నా చురుగ్గా కదిలాయండీ. ఈలోగా పందిరి వేద్దామని కర్రలు కొన్నాను. తీరా చూస్తే మీకు నులితీగలే లేవు, అడుగెత్తు గుబురు! పోనీ చోటు మారుద్దామంటే వేరు లోతుగా దిగింది, కదిపితే అలుగుతారట. తినడానికా, పనికిరారు. మీ దాయాది కేసరి పప్పు సంగతి మాకు తెలియనిదా? కందిపప్పులో కల్తీగా దూరి, రోజూ తిన్నవాళ్ల కాళ్లు పడగొట్టిన ఘనుడు.

కానీ పూసినప్పుడు మాత్రం, ఏం చెప్పను! ఊదా గులాబీ రంగులో విచ్చుకుని, ముదిరేకొద్దీ నీలానికి తిరుగుతూ, ఒకే కాడ మీద మూడు రంగులు. వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ, "బాగానే ఉంది గానీ, కాయలెప్పుడు కోస్తావురా?" అంది.

కాయలు ఎండాక గింజలు పట్టుకుందామని, కాగితం సంచి కట్టడానికి పురికొస వెతుకుతున్నాను. టప్! కాయ రెండుగా చీలి మెలితిరిగిపోయింది. గింజలు ఎటు పోయాయో తెలియదు.

ఈ ఏడు తెలిసింది. గులకరాళ్ల బాట మధ్యలో, నేనెన్నడూ పిడికెడు మట్టి వేయని చోట, నాలుగు మొలకలు. ఉప్పు కాగితం లేదు, బ్లేడు లేదు. స్లగ్ కూడా ముట్టలేదు.

ఇట్లు,
మీ కుండీ కాపలాదారు

తా.క.: ఆ నాలుగింటినీ తవ్వి కుండీలోకి మారుస్తానేమోనని కంగారు పడకండి. బాటనే పక్కకు జరుపుతున్నాను.