గేదెకు బలం, మనకు తెల్లన్నం

ఇప్పుడు నలుగురు కలిస్తే చాలు, నీ విటమిన్ డీ ఎంతొచ్చింది, నీ బీ12 ఎంతొచ్చింది అని ఇంటర్ మార్కులు అడిగినట్టు అడుగుతున్నారు. ఒకాయన నాది 18 అంటాడు, పక్కనావిడ నాది 11 ఏనండీ అని ఏదో గెలిచినట్టు చెప్తుంది. తర్వాత వారానికో టాబ్లెట్, సాచెట్, ఇంజెక్షన్, మూడు నెలలకి మళ్లీ టెస్టు. ఇదంతా మీకు తెలిసిందే. 2016-18లో దేశమంతా పిల్లల మీద చేసిన పోషకాహార సర్వేలో కూడా 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 31 శాతానికి బీ12, 37 శాతానికి ఫోలేట్ (ఇదీ ఒక బీ విటమినే), 24 శాతానికి డీ తక్కువని తేలింది. టాబ్లెట్లు మింగుతున్నాం గానీ ఉన్న విటమిన్లు ఎటు పోతున్నాయని మాత్రం ఎవరూ అడగట్లేదు. నన్నడిగితే సగానికి సగం మన తెలుపు పిచ్చిలోనే పోయాయి.

ముందు బియ్యం సంగతి. మిల్లులో ఊక పోతే పోయింది, దాని కింద ఉండే పొరని, మొలక ముక్కని కూడా గీకి పారేస్తాం, అదే తవుడు. గింజలో ఉండే బీ విటమిన్లలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది, ఒక్క బీ1 చూసుకున్నా మూడొంతులకు పైగా మిల్లు గడప దాటదు. మిగిలిన ఆ కాస్త ఇంటికొచ్చాక నీళ్లు తేటగా వచ్చేదాకా మూడుసార్లు కడుగుతాం, గంజి వార్చే ఇళ్లలో ఇంకొంచెం గంజిలో పోతుంది. ఆ తవుడు, ఆ కడుగు నీళ్లు, ఆ గంజి అన్నీ కలిపితే కుడితి. అంటే మా చిన్నప్పుడు ఊళ్లో విటమిన్లు అందరికన్నా బాగా తిన్నది ఎవరంటే గేదె! ఇప్పుడు పాపం దానికీ లేదు, తవుడు నూనె మిల్లుకి పోతోంది.

బీ1 లేకపోతే ఏమవుతుందో పుస్తకాల్లో వెతకక్కర్లేదు, మన సర్కారు జిల్లాల, అంటే కోస్తాంధ్ర చరిత్రలోనే ఉంది. ఒకప్పుడు మద్రాస్ ప్రెసిడెన్సీలో బెరిబెరి అంటే డాక్టర్లు ముందు చెప్పే పేరు ఉత్తర సర్కారులే. కాళ్లు తిమ్మిరెక్కి నడక తప్పడం, ఒళ్లు వాచడం, చివరికి గుండె మీదికి రావడం. పక్కనే అరవ జిల్లాల్లో కూడా అన్నమే తినేవాళ్లు, అదీ మిల్లు బియ్యమే, కానీ వాళ్లని అది అంతగా పట్టలేదు, ఎందుకంటే వాళ్లది ఉప్పుడు బియ్యం. వడ్లని నానబెట్టి ఉడికించినప్పుడు పొరలో ఉన్న విటమిన్ గింజ లోపలికి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా అంతా పోదు. జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టర్ 1890ల్లో కోళ్లలో ఇదే చూశాడు, ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం తిని కోళ్లు కాళ్లు పడిపోయి తూలుతుంటే, కొత్తగా వచ్చిన వంటవాడు మిలిటరీ అన్నం సివిలియన్ కోళ్లకి పెట్టేది లేదన్నాడంట, మళ్లీ పాలిష్ పట్టని ముడిబియ్యం పడేసరికి అవి లేచి తిరిగాయి. 1929లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఆ వంటవాడికి ఏమొచ్చిందో మరి.

ఇంకా ఒళ్లు మండే విషయం ఏంటంటే తెలంగాణలో యాసంగి వడ్లకి నూక ఎక్కువని ఉప్పుడు బియ్యం కొట్టి కేరళకీ తమిళనాడుకీ పంపిస్తాం, దాన్ని కేంద్రం కొనాలని 2021-22లో ఎంత గొడవ చేశామో గుర్తుందిగా, కానీ మన కంచంలోకి మాత్రం రానివ్వం. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, మంచిదే, పేదోడు సన్నన్నం తినకూడదని ఎవరన్నారు, సన్నగా ఉండటం తప్పు కాదు, తప్పంతా పాలిష్‌ది. ఎంత గీకాలో మాత్రం ఏ పార్టీ మాట్లాడదు.

పైగా గీకింది గీకి మొన్నమొన్నటిదాకా మళ్లీ కలిపారు చూడండి, అది అసలు కామెడీ. బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మళ్లీ గింజలా అచ్చుపోసి, 100 కిలోలకి కిలో చొప్పున రేషన్ బియ్యంలో వేసేవారు, 2026లో తాత్కాలికంగా ఆపారు. 2024 అక్టోబర్‌లో దీనికోసం కేంద్ర కేబినెట్ 17,082 కోట్లకి ఓకే చెప్పింది, 2028 దాకా. మిల్లులో అంత ఎక్కువగా పోయే బీ1 ఆ తప్పనిసరి మూడింటిలో లేనే లేదు! సరే ఆ మూడన్నా తిన్నామా అంటే, నీళ్లలో తేలుతున్నాయి, ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేశాం. అందులో ఉన్న ఫోలిక్ యాసిడ్‌ని 1940ల్లో అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో తయారు చేసిన టీమ్‌ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న మనిషి ఆయన. ఈ ఫోలిక్ యాసిడ్, అంటే ఫోలేటే, తక్కువైతే రక్తం సరిగ్గా పట్టదు, గర్భం వచ్చిన మొదటి నెలలోనే బిడ్డ వెన్ను మూసుకోకుండా పోయే ప్రమాదం ఉంది. ఆయన పుట్టిన గడ్డ మీద ఆ గింజని మనం చేటలో ఏరేశాం.

విటమిన్లన్నిటికీ బియ్యమే దిక్కా, పప్పు, ఆకుకూర, గుడ్డు తింటే సరిపోదా అంటారు. ముడిబియ్యం ఉడకదు, త్వరగా ముక్కిపోతుంది అని కూడా అంటారు. నిజమే, బెరిబెరి తగ్గింది కూడా కూర పెరిగాకే. కానీ అన్నం కొండలా, కూర అంచుకి అంటుకున్నట్టు ఉండే కంచాలు ఇంకా లక్షల్లో ఉన్నాయి, వాళ్లకి ఆ అన్నంలోనే ఏదన్నా ఉండాలి. బీ12 లెక్క వేరు, ఒప్పుకుంటా, అది బియ్యంలో ఎప్పుడూ లేదు, చేప, గుడ్డు, పాలు, కార్జం లాంటి వాటి నుంచే రావాలి. చద్దన్నంలో బోలెడు బీ12 అని వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కూడా ఇది తగ్గుతుంది, అరికాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ వల్లే అనుకుని వదిలేస్తారు.

ఇక డీ. ఏడాదిలో పది నెలలు ఎండ దంచే ఊళ్లలో ఉంటూ దీన్ని మెడికల్ షాపులో కొనుక్కుంటున్నాం. అపార్ట్‌మెంట్లు, ఏసీ ఆఫీసులు కారణమే గానీ అసలు భయం ఇంకోటి ఉంది, ఎండలో తిరిగితే నల్లబడిపోతావే అని ఆడపిల్లకి ఐదో ఏట నుంచే చెప్తాం, అందుకే స్కూటీ మీద కళ్లు తప్ప ఏమీ కనపడవు. మన రంగు చర్మానికి డీ తయారవ్వాలంటే తెల్లవాళ్లకన్నా ఎక్కువసేపు ఎండ కావాలి, అదీ నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా పడే టైమ్‌లో. పొద్దున్నే లేత ఎండలో నిలబడితే ప్రాణానికి హాయి, అంతే, డీ పెద్దగా రాదు. డీ తగ్గితే పిల్లలకి కాళ్లు వంకర్లు, పెద్దవాళ్లకి నడుము, తుంటి నొప్పులు. అప్పుడు పెళ్లిచూపుల్లో తెల్లటి పిల్లే కావాలన్నవాళ్లే కోడల్ని ఆర్థోపెడిక్ దగ్గరికి తీసుకెళ్తారు. బియ్యానికీ పిల్లకీ పెట్టే పరీక్ష ఒకటే మన దగ్గర.

పోయిన నెల మా వీధి చివర బియ్యం షాపులో సింగిల్ పాలిష్, అంటే తక్కువ గీకిన బియ్యం ఉందా అని అడిగా. సోనామసూరి స్టీమ్ ఉంది, రా ఉంది, ఆర్ఎన్ఆర్ ఉంది, మల్లెపువ్వులా ఉంటాయి సార్ అన్నాడు. అవి కాదు, సింగిల్ పాలిష్ అన్నా. ఒకసారి నన్ను పైనుంచి కిందికి చూసి జాలిగా అడిగాడు, "షుగరా సార్?"