రీడ్‌బ్యాక్ సరిగ్గానే ఉంది, అంకే తప్పు

2022 మే 23 మధ్యాహ్నం, పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయం. వాన, కిందికి దిగిన మబ్బు. స్టాక్‌హోమ్ నుంచి వచ్చిన ఎయిర్‌బస్ ఏ320 ఒకటి 27 రైట్ రన్‌వే మీదికి దిగుతోంది. రన్‌వే మొదలుకు ఇంకా కిలోమీటరున్నర దూరం ఉండగానే నేలకు 6 అడుగుల ఎత్తుకు వచ్చేసింది. మనిషి ఎత్తంత! లోపల 178 మంది. రన్‌వే కనబడక పైలట్లు గో అరౌండ్ చేశారు, అంటే దిగడం ఆపి మళ్లీ పైకి లేచారు, అందుకే బతికిపోయారు. నేల దగ్గరపడితే అరవాల్సిన హెచ్చరిక యంత్రం నోరు మెదపలేదు.

అసలు తప్పు ఒక్క అంకెలో ఉంది. ఆ సమయానికి అక్కడి క్యూఎన్‌హెచ్ 1001. నేల మీది నుంచి రేడియోలో విమానాలను నడిపించే కంట్రోలర్ నోటి వెంట 1011 అని వచ్చింది. పైలట్లు 1011 అనే తిరిగి చెప్పారు (దీన్నే రీడ్‌బ్యాక్ అంటారు), అదే పెట్టుకున్నారు.

క్యూఎన్‌హెచ్ అంటే సముద్రమట్టానికి లెక్కగట్టిన స్థానిక గాలి పీడనం. దాన్ని హెక్టోపాస్కళ్లలో కొలుస్తారు. ఒక్క హెక్టోపాస్కల్ తేడా వస్తే ఎత్తు చూపే ఆల్టిమీటర్ దాదాపు 28 అడుగులు తప్పు చూపిస్తుంది. పది తేడా అంటే 280 అడుగులు. ఉన్నదానికంటే ఎక్కువ అంకె పెట్టుకుంటే విమానం అసలు ఎత్తుకంటే పైన ఉన్నట్టు కనబడుతుంది. రన్‌వేకి దారి చూపే ఐఎల్ఎస్ ఉంటే ఇంత ముప్పు ఉండేది కాదు. అది నేల మీది నుంచి వచ్చే రేడియో కిరణం, క్యూఎన్‌హెచ్ తప్పయినా దాని వాలు మారదు. ఆ రోజు ఆ రన్‌వేకి ఐఎల్ఎస్ పనిచేయడం లేదు. దాంతో దిగే వాలును కూడా ఆల్టిమీటర్ లెక్క మీదే పట్టుకున్నారు. లెక్కే తప్పు కావడంతో కాక్‌పిట్‌లో సూచికలన్నీ చక్కగా ఉన్నట్టే కనిపించాయి.

ఇంతకంటే చిత్రమైన సంగతి మరొకటి ఉంది. దాదాపు అదే సమయంలో అదే కంట్రోలర్ ఈజీజెట్ విమానానికి కూడా ఇంగ్లిష్‌లో 1011 అనే చెప్పారు. వాళ్లు 1001 అని రీడ్‌బ్యాక్ ఇచ్చారు. తాను చెప్పిన అంకెకు, తిరిగి వచ్చిన అంకెకు పొంతన లేదన్నది కంట్రోలర్ చెవిన పడలేదు. ఎయిర్ ఫ్రాన్స్ విమానానికి ఫ్రెంచ్‌లో 1001 అని సరిగ్గానే చెప్పారు. ఫ్రెంచ్ రాని పైలట్లకు ఆ మాట విన్నా ప్రయోజనం లేదు. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు భాషలు నడపడాన్ని సంప్రదాయమని సమర్థించేవారున్నారు. పక్క విమానంతో మాట్లాడుతున్నది విని తమ పొరపాటు దిద్దుకునే అవకాశం దానివల్ల పోతుందన్న సంగతి మాత్రం వాళ్లు పెద్దగా ఎత్తరు.

రీడ్‌బ్యాక్ ఉంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. అది పట్టేది తప్పుగా విన్నదాన్నే, అదీ కంట్రోలర్ శ్రద్ధగా వింటేనే. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్‌లో అదీ జరగలేదు. ఫ్లయింగ్ టైగర్ సరుకు విమానానికి 2,400 అడుగులకు దిగమన్నారు, అంకెలు విడివిడిగా పలుకుతూ: ‘డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో’. మొదటి ‘టూ’ పైలట్‌కు అంకెలా కాక ‘కు’ అన్న అర్థంలో వినబడింది. ‘ఓకే, ఫోర్ జీరో జీరో’ అన్నారు. సరిదిద్దినవారు లేరు. 437 అడుగుల ఎత్తున కొండను ఢీకొట్టి నలుగురు సిబ్బందీ చనిపోయారు. ‘టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్’ అని ఉంటే ఆ అయోమయం పుట్టేదే కాదు.

పారిస్ రకం తప్పుకు రీడ్‌బ్యాక్ మందు కాదు. కంట్రోలర్ చెప్పిన క్యూఎన్‌హెచ్‌ని, అప్రోచ్‌కు (రన్‌వే వైపు దిగడానికి) ముందే కాగితం మీద రాసుకున్న ఏటిస్ అంకెతో, అంటే విమానాశ్రయం రికార్డు చేసి వినిపించే వాతావరణ సమాచారంలోని అంకెతో పోల్చి చూడాలి. ఒకటి రెండు తేడా ఉంటే వాతావరణం మారిందనుకోవచ్చు, పది ఉంటే ‘కన్‌ఫర్మ్ క్యూఎన్‌హెచ్’ అని అడగాల్సిందే. ఆ రోజు ఏటిస్‌లో 1001 సరిగ్గానే ఉంది. హెడింగ్ (వెళ్లాల్సిన దిశ), ఎత్తు, అప్రోచ్ అనుమతి, క్యూఎన్‌హెచ్ అన్నీ ఒకే గుక్కలో ఇచ్చే కంట్రోలర్‌కూ ఇందులో వాటా ఉంది. అన్నీ గబగబా తిరిగి చెప్పే హడావిడిలో పోల్చి చూసే తీరిక పైలట్‌కు మిగలదు.

గో అరౌండ్ తర్వాత రెండోసారి వచ్చినప్పుడు కూడా ఆ ఏ320లో 1011 అలాగే ఉంది. ఈసారి రన్‌వే కంటికి కనబడింది కాబట్టి పైలట్లు వాలు సరిచేసుకుని దిగారు.